కళ కాదని తేల్చేవారు కారణం రాసి ఇవ్వాలి: ప్రదర్శనశాలలకు, న్యాయనిర్ణేతలకు, పాఠ్యపుస్తక సంఘాలకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన ప్రదర్శనశాలల అధిపతులకు, క్యూరేటర్లకు, కళాపోటీల న్యాయనిర్ణేతలకు, కళాచరిత్ర పాఠ్యపుస్తకాలు తయారుచేసే సంఘాల సభ్యులకు,

నమస్కారం.

మీ పనిలోని కష్టం మాకు తెలుసు. వచ్చిన ప్రతిదాన్నీ గోడకెక్కించలేరు, ప్రతి పేరునూ పుస్తకంలో చేర్చలేరు. ఎంపిక చేయవద్దని మేము అనడం లేదు. ఈ లేఖలోని విషయాన్నే మీలో కొందరికి ఇంతకుముందు విడిగా రాశాం. ఉత్తరం అందిందన్న కబురు కూడా రాలేదు. అందుకే ఇప్పుడు అందరి ముందూ పెడుతున్నాం.

నేను కళాచరిత్ర చెప్పే ఉపాధ్యాయురాలిని. నాతో గొంతు కలిపినవారిలో చిత్రకారులున్నారు, నేతపనివారున్నారు, కుమ్మరులున్నారు, ఇంకా చదువుకుంటున్న పిల్లలున్నారు.

మా ఫిర్యాదు ఇది. నా దగ్గర చదివిన ఒకమ్మాయి ఒక ప్రదర్శనకు తన పని పంపింది. నూలుబట్ట మీద, ఒకదాని మీద ఒకటి పెట్టుకున్న ఒక ముసలామె చేతులు. రంగు ముట్టుకోలేదు, మొత్తం దారంతోనే కుట్టింది. బూడిదరంగులోనే ఎన్నో ఛాయల దారాలు. చర్మం ముడత పడినచోట కుట్టు దిశ మారుతుంది, నరం ఉబ్బినచోట కుట్టు మీద కుట్టు పడి బట్ట కాస్త పైకి లేస్తుంది. దగ్గరికెళ్లి చూస్తే దారాలే, నాలుగడుగులు వెనక్కి వేస్తే ప్రాణమున్న చేతులు. పని తిరిగొచ్చింది, వెంట ఒకే ఒక్క వాక్యం: ఇది హస్తకళ కిందికి వస్తుంది, కాబట్టి పరిశీలించలేదు. బాగాలేదని రాసి ఉంటే ఆ పిల్ల బాధపడి ఊరుకునేది. మరోసారి ఇంకా బాగా కుట్టేది. అసలు చూడనే లేదన్నారు. కళకూ హస్తకళకూ మధ్య మీరు గీసిన గీత ఏది, అది ఏ నిబంధనలో ఉంది, ఎవరు ఎప్పుడు రాశారు అని అడిగాం. జవాబు లేదు.

జవాబు ఎందుకు రాలేదో నేను ఊహించగలను. ఆ గీత ఎక్కడా రాసి లేదు. అది అనాదిగా ఉన్నదని, అందరికీ తెలిసిందేనని అనుకుంటూ వస్తున్నారు. చరిత్ర మాత్రం అలా చెప్పడం లేదు. మీకు తెలియదని కాదు, మన మధ్య వాదన ఎక్కడ మొదలవ్వాలో తేల్చుకోవడానికి కొన్ని విషయాలు గుర్తు చేస్తున్నాను.

ప్రాచీన గ్రీకులు శిల్పిని, వైద్యుణ్ని, ఓడ నడిపేవాణ్ని ఒకే వరసలో కూర్చోబెట్టారు. నేర్చుకుని, పద్ధతి ప్రకారం చేసే నైపుణ్యం ఏదైనా వారికి ఒక్కటే. వారి తొమ్మిదిమంది కళాదేవతల్లో చరిత్రకు ఒక దేవత ఉంది, ఖగోళానికి ఒక దేవత ఉంది. చిత్రలేఖనానికీ శిల్పానికీ లేదు. ప్లేటో ‘రిపబ్లిక్’ పదో భాగంలో మంచాన్ని ఉదాహరణగా తీసుకున్నాడు. మంచం అనే భావన అసలైన సత్యం. దాన్ని చూసి వడ్రంగి చేసేది ఒక నకలు. ఆ నకలును చూసి చిత్రకారుడు వేసేది నకలుకు నకలు. అంటే ప్లేటో లెక్కలో వడ్రంగి చిత్రకారుడి కంటే సత్యానికి ఒక మెట్టు దగ్గర. ఆయన శిష్యుడు అరిస్టాటిల్ ఈ తీర్పును ఒప్పుకోలేదు. అనుకరించడం మనిషికి పుట్టుకతో వచ్చిన గుణమని, దాని ద్వారానే నేర్చుకుంటాడని, చూడటానికి బాధ కలిగించేవాటి బొమ్మల్ని కూడా ఆనందంగా చూస్తాడని చెప్పాడు. గురువు, శిష్యుడు ఒక్క తరం తేడాలో రెండు నిర్వచనాలు ఇచ్చారు.

మన అరవై నాలుగు కళల జాబితా తీసుకోండి. వాత్స్యాయనుడి కామసూత్రంలో ఉన్న ఆ పట్టికలో గీతం, వాద్యం, నృత్యం, చిత్రలేఖనం ఉన్నాయి. వాటి పక్కనే పూలమాలలు కట్టడం, సుగంధాలు కలపడం, వడ్రంగం, పొడుపుకథలు ఉన్నాయి. సూదిపని కూడా ఉంది. మీ నిబంధనల పుస్తకం బయటికి నెట్టిన పని అక్కడ చిత్రలేఖనంతో సమానంగా పంక్తిలో కూర్చుంది. నాట్యశాస్త్రం అయితే ప్రశ్ననే మార్చింది. చేసిన వస్తువు ఏ కోవలోకి వస్తుందని కాక, చూసేవాడిలో ఏం పుడుతుందని అడిగింది. ఎనిమిది రసాలు చెప్పింది. అక్కడ కూడా లెక్క ఆగలేదు. సుమారు 1000వ సంవత్సరం ప్రాంతంలో కాశ్మీరంలో అభినవగుప్తుడు శాంతాన్ని తొమ్మిదో రసంగా గట్టిగా సమర్థించాడు. చైనాలో చేతిరాత చిత్రలేఖనానికి తోబుట్టువు. అక్కడి పండితులు డబ్బు కోసం బొమ్మలు వేసే వృత్తి చిత్రకారులను తమకంటే తక్కువగా చూశారు. ఒక్కో చోట గీత ఒక్కోలా పడింది. నాట్యశాస్త్రం వేసిన ప్రశ్నే నాకు అన్నిటికంటే న్యాయమైనదిగా తోస్తుంది, అయితే ఈ లేఖలో దానికోసం వాదించను.

మధ్యయుగపు యూరప్‌లో స్వేచ్ఛాపరులు నేర్వదగిన విద్యలు ఏడు: వ్యాకరణం, వాగ్మిత, తర్కం, అంకగణితం, రేఖాగణితం, సంగీతం, ఖగోళం. చిత్రలేఖనం లేదు. పన్నెండో శతాబ్దంలో సెయింట్ విక్టర్ మఠానికి చెందిన హ్యూ చేతి విద్యల జాబితా ఒకటి రాశాడు. అదీ ఏడే. అందులో మొదటిది బట్ట తయారీ. వైద్యం, వ్యవసాయం, నాటకం కూడా అందులోనే. చిత్రలేఖనానికి అక్కడ కూడా సొంత స్థానం దొరకలేదు. ఫ్లోరెన్స్ నగరంలో చిత్రకారులు వైద్యులు, మందులమ్మేవారి వృత్తిసంఘంలో సభ్యులు; వారికి కావలసిన రంగుల పొడులు దొరికేది ఆ అంగళ్లలోనే. గోడకు సున్నం పూసి దాని మీద బొమ్మ వేసేవాడికి, ఆ సున్నం కలిపేవాడికి హోదాలో ఈనాడున్నంత దూరం లేదు.

ఆ దూరాన్ని చిత్రకారులే కష్టపడి సంపాదించుకున్నారు. చిత్రలేఖనం చేతిపని కాదు, జ్ఞానం అని లియొనార్డో పేజీలకు పేజీలు వాదించాడు. 1563లో చిత్రకారుడు వసారి చొరవతో ఫ్లోరెన్స్‌లో కళాకారుల అకాడమీ ఏర్పడింది. 1571లో అకాడమీ సభ్యులు వృత్తిసంఘాల్లో చేరాల్సిన అవసరం లేదని మినహాయింపు వచ్చింది. ఇవాళ మీరు చిత్రకళకు ఇస్తున్న గౌరవానికి వెనక ఇలాంటి అర్జీలు, వాదనలు, ఆజ్ఞలు ఉన్నాయి. చిత్రకారులు ఒకప్పుడు మాలాగే తలుపు తట్టినవారే.

ఇప్పుడు మనం వాడుతున్న లలితకళల జాబితా వయసులో ఇంకా చిన్నది. 1746లో ఫ్రెంచి రచయిత షార్ల్ బాట్యో ఒక పుస్తకంలో సంగీతం, కవిత్వం, చిత్రలేఖనం, శిల్పం, నృత్యం అనే ఐదింటినీ ఒకచోట చేర్చి, అందమైన ప్రకృతిని అనుకరించడమే వీటన్నిటి సూత్రమన్నాడు. ఉపయోగం, ఆనందం రెండూ కలిసినవని వాస్తునూ వాగ్మితనూ వేరే పెట్టాడు. 1790లో జర్మన్ తత్వవేత్త కాంట్ మరో గీత గీశాడు: చేయడంలోనే ఆనందం ఉండేది కళ, కూలి కోసమే చేసేది చేతిపని. మా విద్యార్థిని పనిని వెనక్కి పంపిన గీత ఇదే. దాని వయసు మూడు వందల ఏళ్లు కూడా లేదు.

గీత పడగానే ఎవరు బయట పడ్డారో చూడండి. లండన్ రాయల్ అకాడమీ 1768లో ఏర్పడింది. స్థాపకుల్లో ఇద్దరు స్త్రీలున్నారు, ఆంజెలికా కౌఫ్‌మన్, మేరీ మోజర్. కొద్ది కాలానికే, కుట్టుపని, కాగితపు పూలు, గవ్వల పని వంటి వాటిని తమ ప్రదర్శనలో ఒప్పుకోబోమని అకాడమీ తీర్మానించింది. చాలామంది ఆడవాళ్ల చేతికి అందుబాటులో ఉన్న మాధ్యమాలు అవే. నగ్న నమూనాను చూసి శరీర నిర్మాణం నేర్చుకునే తరగతిలోకి వారిని రానివ్వరు. అది నేర్వకపోతే పెద్ద చిత్రాలు వేయలేరు. తెలిసిన కుట్టుపనిని పంపితే కళ కాదంటారు. ఆ ఇద్దరి తర్వాత రాయల్ అకాడమీ మరో స్త్రీని, లారా నైట్‌ను, పూర్తి సభ్యురాలిగా ఎన్నుకున్నది 1936లో. పారిస్‌లోని ఎకోల్ దే బోజార్ అనే కళాపాఠశాల అమ్మాయిలకు తలుపు తెరిచింది 1897లో.

మేరీ లిన్‌వుడ్ అనే ఆమె ఆ రోజుల్లోనే పెద్ద పెద్ద తైలవర్ణ చిత్రాలను ఉన్నిదారంతో అంతే పరిమాణంలో కుట్టింది. కుంచె గీత ఎటు పోతే కుట్టు అటు పోయేది. అకాడమీ గోడ మీద చోటు లేదు కనుక లండన్ లీసెస్టర్ స్క్వేర్‌లో సొంతంగా ప్రదర్శన పెట్టుకుంది. జనం డబ్బిచ్చి దశాబ్దాల పాటు వచ్చి చూశారు. 1845లో ఆమె పోయింది. తర్వాత ఆ పనులు వేలంలో చాలా తక్కువకు పోయాయి. చూసినవారి ఆదరణకు కొదవ లేదు. నిర్వచనం ఒక్కటే తక్కువైంది. మా విద్యార్థినికి ఈమె గురించి నేను చెప్పాను. మీ పాఠ్యపుస్తకాలు చెప్పలేదు.

1839లో ఫొటోగ్రఫీ వచ్చినప్పుడూ ఇదే గొడవ. అది యంత్రం పని, కళ కాదని 1862లో ఫ్రాన్స్‌లో ఆంగ్ర్ వంటి పెద్ద చిత్రకారులు సంతకాలు చేశారు. అదే ఏడు అక్కడి న్యాయస్థానం ఫొటోకు కూడా కళగా రక్షణ ఇచ్చింది. అమెరికా సుప్రీంకోర్టు 1884లో, ఆస్కార్ వైల్డ్ ఫొటో మీద వచ్చిన వ్యాజ్యంలో, కెమెరా వెనక ఉన్న మనిషి ఆలోచనను గుర్తించింది.

నేను మీ ముందు అన్నిటికంటే ఎక్కువసేపు ఉంచదలచుకున్న ఉదాహరణ శిల్పి బ్రాంకూసిది. 1926లో ఆయన కంచు శిల్పం ఒకటి న్యూయార్క్ రేవుకు చేరింది. పేరు ‘బర్డ్ ఇన్ స్పేస్’. సన్నగా, పొడుగ్గా, నునుపుగా మెరుగుపెట్టిన కంచు. రెక్కలు లేవు, ముక్కు లేదు, కాళ్లు లేవు. శిల్పమైతే సుంకం లేదు. కస్టమ్స్ అధికారులు అది శిల్పం కాదని, వంటింటి పనిముట్లు, ఆసుపత్రి సామగ్రి ఉన్న కోవలో వేసి 40 శాతం సుంకం కట్టమన్నారు. వారి వెనక ఒక తీర్పు ఉంది: 1916లో ఒక కోర్టు, శిల్పమంటే ప్రకృతిలోని వస్తువులను, ముఖ్యంగా మనిషి రూపాన్ని అనుకరించేదని చెప్పింది. బ్రాంకూసి పక్షం కోర్టుకెక్కింది. దీన్ని పక్షి అని ఎందుకంటున్నారని, అడవిలో కనబడితే తుపాకి పేలుస్తారా అని సాక్షులను అడిగారు. మంచి మెకానిక్ ఒకడు కంచు ముక్కను ఇలాగే మెరుగుపెట్టగలడు కదా అని అడిగారు. మెరుగు పెట్టగలడు, ఆ రూపాన్ని ఊహించలేడని శిల్పి జేకబ్ ఎప్‌స్టీన్ జవాబిచ్చాడు.

1928 నవంబరులో తీర్పొచ్చింది. పాత తీర్పు వచ్చాక కళలో కొత్త ధోరణి పుట్టిందని, అది వస్తువులను అనుకరించడం మాని భావాలకు రూపం ఇవ్వాలని చూస్తోందని, ఆ భావాలతో తమకు ఏకీభావం ఉన్నా లేకున్నా అవి ఉన్నాయన్న వాస్తవాన్ని పట్టించుకోక తప్పదని కోర్టు రాసింది. ఇది కళాకృతేనని, సుంకం చెల్లదని తేల్చింది.

ఆ తీర్పు రాసినవారు కళా నిపుణులు కారు. సరుకుల మీద సుంకాల లెక్కలు చూసే న్యాయమూర్తులు. పాత నిర్వచనం ఏమిటో చెప్పారు, అది ఎందుకు చాలదో చెప్పారు, కొత్తగా దేన్ని ప్రమాణంగా తీసుకుంటున్నారో చెప్పారు. ఎవరైనా చదవొచ్చు, ఎవరైనా కాదనొచ్చు. కళకోసం జీవితాన్ని పెట్టిన మీ నుంచి మేము ఆశిస్తున్నది ఇంతే.

మిగతా కథ మీకు కంఠతా వచ్చు. 1917లో కళాకారుడు ద్యూషాం పంపిన మూత్రశాల పాత్రను, రుసుము కట్టిన ప్రతి ఒక్కరి పనినీ ఉంచుతామన్న సంస్థే ఉంచలేదు. 1964లో చిత్రకారుడు వార్హోల్ చేసిన బ్రిల్లో పెట్టెలను (గిన్నెలు తోమే పీచు అమ్మే అట్టపెట్టెల నకళ్లను) చూసి తత్వవేత్త ఆర్థర్ డాంటో, కంటికి కనబడే తేడా ఏదీ లేనప్పుడు ఒకటి కళ, మరొకటి సరుకు ఎలా అవుతోందని అడిగి, కళాలోకపు (కళాకారులు, విమర్శకులు, ప్రదర్శనశాలల లోకపు) చరిత్ర, సిద్ధాంతమే ఆ తేడా చేస్తున్నాయన్నాడు. మరో తత్వవేత్త జార్జ్ డికీ 1974లో దాన్ని ఇంకొంచెం ముందుకు తీసుకెళ్లి, కళాలోకం తరఫున ఎవరైనా ఒక వస్తువుకు ఆ హోదా ఇస్తేనే అది కళ అవుతుందన్నాడు. మీరు నడుపుతున్న ప్రదర్శనలు నేడు ఈ సిద్ధాంతం మీదే నడుస్తున్నాయి. ఒక పెట్టెను, ఒక మూత్రశాల పాత్రను లోపలికి తీసుకున్న నిర్వచనం, కుట్టిన బట్ట దగ్గరికి వచ్చేసరికి 1790 నాటి కాంట్ గీతకు ఎలా వెళ్లిపోతోంది? హోదా ఇచ్చే అధికారం మీదేనని ఒప్పుకున్నాక, దానికి లెక్క చెప్పే బాధ్యత కూడా మీదే అవుతుంది.

ఈ నిర్వచనాలు మారినప్పుడల్లా, మారనప్పుడల్లా, మామూలు మనుషులకు ఏం జరిగిందో కింద రాస్తున్నాను.

1. పని మారలేదు, పేరు మారేసరికి చేసినవారు లేరు. అమెరికాలో అలబామా రాష్ట్రంలోని జీస్ బెండ్ అనే చోట నల్లజాతి స్త్రీలు తరాలుగా, అరిగిపోయిన పొలం బట్టల ముక్కలతో బొంతలు కుట్టారు. మోకాళ్ల దగ్గర వెలిసిన రంగు, జేబు ఊడదీసినచోట మిగిలిన ముదురు నీలం కూడా వారి కూర్పులో భాగమే. 2002లో హ్యూస్టన్ ఫైన్ ఆర్ట్స్ మ్యూజియం, ఆ వెంటనే న్యూయార్క్‌లోని విట్నీ మ్యూజియం వాటిని గోడల మీద పెట్టాయి. విమర్శకులు గొప్ప ఆధునిక కళ అన్నారు. అవి కుట్టినప్పుడూ అంతే గొప్పవి. కుట్టినవారిలో కొందరు అప్పటికే కన్నుమూశారు.

2. పేర్లు పోయాయి. 1897లో బ్రిటిష్ సైన్యం ఇప్పటి నైజీరియాలోని బెనిన్ రాజ్యంపై దాడి చేసి వేలాది ఇత్తడి పలకలు, దంతపు శిల్పాలు ఎత్తుకెళ్లింది. వాటి పోతపోసిన నైపుణ్యం చూసి, ఆఫ్రికావాళ్లు స్వయంగా చేసి ఉండరని పోర్చుగీసు, ఈజిప్టు మూలాల కోసం వెతికిన యూరప్ పండితులున్నారు. అలాంటి వస్తువులు కళ అనే గదిలోకి కాక జాతుల అధ్యయనం అనే గదిలోకి పోయాయి. ఆ గదిలో తెగ పేరు రాస్తే చాలు, మనిషి పేరు అక్కరలేదు. ఆఫ్రికా, ఆసియా, ఓషియానియా, అమెరికాల మూలవాసుల శిల్పాలకు లూవ్రు మ్యూజియంలో గది దొరికింది 2000లో. ఈనాటికీ ఎన్నో లేబుళ్ల మీద ‘కళాకారుడు అజ్ఞాతం’ అని ఉంటుంది. అతను అజ్ఞాతంగా లేడు. అతని ఊరివాళ్లకు అతను తెలుసు. తీసుకెళ్లినవారు అడగలేదు.

3. ఒక దేశపు కళనంతటినీ ఒక్క మాటతో కొట్టిపారేయడమూ జరిగింది. 1910లో లండన్‌లోని రాయల్ సొసైటీ ఆఫ్ ఆర్ట్స్ సభలో, భారతీయ పరిశ్రమ కళల మీద పుస్తకం రాసిన జార్జ్ బర్డ్‌వుడ్ భారతదేశంలో లలితకళ లేదన్నాడు. జావాకు చెందిన ఒక బుద్ధ విగ్రహం ఫొటోను చూపి, ఉడికించిన పుడ్డింగ్ కూడా అంతే శాంతాన్ని సూచిస్తుందన్నాడు. నేతను, లోహపు పనిని మెచ్చుకున్న మనిషే ఆయన. చేతిపనిగా అయితే మెచ్చుకుంటాడు, కళగా ఒప్పుకోడు. చిత్రకారుడు విలియం రోథెన్‌స్టైన్, మరికొందరు, మొత్తం 13 మంది కళాకారులు, విమర్శకులు ‘ది టైమ్స్’ పత్రికకు లేఖ రాసి దాన్ని ఖండించారు. ఆ ఏడే భారతీయ కళల కోసం ఇండియా సొసైటీ ఏర్పడింది. అదీ ఒక బహిరంగ లేఖే. అందుకే ఈ దారి వ్యర్థం కాదని మేము నమ్ముతున్నాం.

4. నిర్వచనం ప్రభుత్వం చేతికి చిక్కితే బతుకు తెరువే పోతుంది. నాజీ జర్మనీలో ప్రభుత్వ సాంస్కృతిక మండలిలో సభ్యత్వం లేకుండా వృత్తి చేయకూడదు. 1937లో మ్యూనిక్‌లో ‘దిగజారిన కళ’ పేరుతో మ్యూజియంల నుంచి లాక్కున్న సుమారు 650 పనులను ఎగతాళి రాతలతో వేలాడదీశారు. 20 లక్షలకు పైగా జనం చూశారు. 1964లో లెనిన్‌గ్రాడ్ కోర్టులో బ్రోద్‌స్కీ అనే యువకుణ్ని, నిన్ను కవిగా ఎవరు గుర్తించారని న్యాయమూర్తి అడిగింది. ఎవరూ లేదు, నన్ను మనుషుల్లో ఎవరు చేర్చారు అని అతనన్నాడు. పనీపాటా లేనివాడని ఐదేళ్ల శిక్ష పడింది. మిమ్మల్ని వాళ్లతో పోల్చడం లేదు. ఎవరు గుర్తించారన్న ప్రశ్నకు రాతపూర్వకమైన ప్రమాణం లేకపోతే అది ఎంత దూరం పోగలదో చెప్పడానికే రాశాను.

5. చట్టం ఇచ్చే రక్షణ కూడా కోవను బట్టే మారుతుంది. భారత కాపీరైట్ చట్టం, 1957 చిత్రలేఖనానికి, శిల్పానికి ‘కళాత్మక నాణ్యత ఉన్నా లేకున్నా’ రక్షణ ఇస్తుంది. అదే చట్టం 15వ సెక్షన్ ప్రకారం, డిజైన్‌గా నమోదు చేయించదగిన రూపకల్పనను నమోదు చేయించకుండా ఏదైనా వస్తువు మీద వాడి, యాంత్రిక ఉత్పత్తిలో 50 సార్లు దాటి తయారుచేస్తే కాపీరైట్ పోతుంది. కాగితం మీద పువ్వు గీసిన మనిషికి ఒక న్యాయం, అదే పువ్వును బట్ట మీదికెక్కించి అమ్ముకునే మనిషికి మరో న్యాయం. అమెరికాలో దీనికి భిన్నమైన సంఘటన జరిగింది. న్యూయార్క్‌లో ఫైవ్ పాయింట్జ్ అనే భవనం గోడల మీది స్ప్రే చిత్రాలకు 2013లో యజమాని రాత్రికి రాత్రి సున్నం కొట్టించాడు. 1990 నాటి చట్టంలో ‘గుర్తింపు పొందిన స్థాయి’ ఉన్న పనిని నాశనం చేయరాదని రాసి ఉంది. ఆ మాటను పట్టుకునే 21 మంది కళాకారులు వాదించారు. 2018లో 67 లక్షల 50 వేల డాలర్ల పరిహారం వచ్చింది. 2020లో పైకోర్టు సమర్థించింది. ప్రమాణం రాసి ఉంది కాబట్టే గోడలకు బొమ్మలు వేసుకునే వారికి నిలబడి వాదించే చోటు దొరికింది. మా పిల్లలకు ఆ చోటు లేదు.

6. పిల్లలు ముందే తగ్గించుకుంటున్నారు. ఇది నేను రోజూ చూస్తున్నాను. మట్టితో, దారంతో, వెదురుతో చేయి తిరిగిన పిల్లలు పోటీ అనగానే వాటిని పక్కన పెట్టి, అలవాటు లేని తైలవర్ణాలు పట్టుకుంటున్నారు. 1919లో జర్మనీలోని బౌహౌస్ అనే కళల బడి తొలి ప్రకటనలో దాని స్థాపకుడు గ్రోపియస్, కళాకారుడికీ చేతిపనివాడికీ మౌలికంగా తేడా లేదని రాశాడు. ఆ బడిలోనే అమ్మాయిలను ఎక్కువగా నేత విభాగానికి మళ్లించారు. గాజు పని చేయాలనుకున్న ఆనీ ఆల్బర్స్ అలాగే మగ్గం దగ్గరికి వచ్చింది. ఆ మగ్గంతోనే 1949లో న్యూయార్క్ ఆధునిక కళా మ్యూజియంలో ఏకవ్యక్తి ప్రదర్శన స్థాయికి చేరింది. అంత పట్టుదల ప్రతి పిల్లకూ ఉండాలని కోరడం అన్యాయం.

ఇక మా కోరికలు. ఇవి కొత్త ఖర్చు పెట్టమని అడిగేవి కావు, చాలావరకు కాగితం మీద రాయమని అడిగేవి.

1. మీ పోటీ, మీ ప్రదర్శన, మీ బహుమతి ఏ నిర్వచనం మీద నడుస్తోందో నిబంధనల పుస్తకంలో రాయండి. ఆ నిర్వచనం ఎవరు, ఏ సంవత్సరంలో ఆమోదించారో రాయండి. కొంతకాలానికొకసారి తిరిగి పరిశీలించే తేదీ కూడా రాయండి.

2. ఒక పనిని బాగాలేదని తిరస్కరించడం వేరు, మా కోవలోకి రాదని తిరస్కరించడం వేరు. మొదటిదానికి మీ విచక్షణ చాలు. రెండోదానికి రాతపూర్వకమైన కారణం ఇవ్వాలి. ఆ కారణం మీద ఇంకోసారి విన్నవించుకునే అవకాశం, ఆ విన్నపాన్ని మొదటి న్యాయనిర్ణేతలు కాక వేరేవారు వినే ఏర్పాటు ఉండాలి.

3. తన పనిని ఏ విభాగంలో చూడాలో చెప్పే మొదటి హక్కు చేసినవారికి ఉండాలి. మాధ్యమాన్ని బట్టి చూడకుండా వెనక్కి పంపడం ఆగాలి.

4. న్యాయనిర్ణేతల సంఘంలో దారం, మట్టి, లోహం, చెక్కతో పనిచేసేవారు ఒక్కరైనా ఉండాలి. నేతలోని కష్టం తెలియని మనిషి నేతలోని ఊహను కూడా చూడలేడు. ఇది నా గట్టి అభిప్రాయం.

5. లేబుళ్ల మీద ‘అజ్ఞాతం’ అని వదిలేయకండి. వస్తువు ఎవరి చేతిలోంచి, ఏ సంవత్సరంలో, ఎలా వచ్చిందో రాసి, చేసినవారి పేరును సేకరించినవారు నమోదు చేయలేదని స్పష్టంగా రాయండి. ఆ ప్రాంతపువారిని అడిగి తెలుసుకోగలిగిన చోట తెలుసుకోండి.

6. పాఠ్యపుస్తకాల్లో కళ అంటే ఏమిటి అన్న ప్రశ్నకు ఒక్క వాక్యం జవాబు బట్టీ పట్టించడం మానండి. ప్లేటో మంచం, అరవై నాలుగు కళల పట్టిక, ఫ్లోరెన్స్ వృత్తిసంఘం, రాయల్ అకాడమీ కుట్టుపనిని నిషేధించడం, బ్రాంకూసి వ్యాజ్యం వరసగా చదివిన పదో తరగతి విద్యార్థి తన నిర్వచనాన్ని తానే వాదించుకోగలడు. పరీక్షలో కూడా ఆ వాదననే అడగండి.

7. కృత్రిమ మేధ యంత్రం తయారుచేసే బొమ్మల మీద ఇప్పుడే, అందరినీ కూర్చోబెట్టి నిర్ణయించండి. 2022లో అమెరికాలోని కొలరాడో రాష్ట్ర ఉత్సవంలో అలాంటి బొమ్మకు డిజిటల్ విభాగంలో మొదటి బహుమతి వచ్చింది. 2023లో అమెరికా కాపీరైట్ కార్యాలయం అదే బొమ్మకు నమోదు నిరాకరించింది. ఒక చోట కళ, మరో చోట కాదు. ఫొటోగ్రఫీ విషయంలో జరిగినట్టు దశాబ్దాలు నాననివ్వకండి. ఈలోగా నష్టపోయేది పత్రికలకు, పుస్తకాలకు బొమ్మలు వేసి ఇల్లు గడుపుకునేవారే.

ఈ ఏడింటిలో దేన్నైనా మీరు ఒప్పుకోకపోవచ్చు. ఎందుకు ఒప్పుకోరో రాయండి, మేము చదువుతాం, మా వాదనలో తప్పుంటే మార్చుకుంటాం. మీ తదుపరి ప్రదర్శనకు దరఖాస్తులు పిలిచేలోగా మొదటి రెండు కోరికల మీద మీ నిర్ణయం తెలపాలని కోరుతున్నాం. తెలపకపోతే, కోవలోకి రాదన్న కారణంతో వెనక్కి వచ్చిన పనులన్నిటినీ చేసినవారి అనుమతితో ఒకచోట చేర్చి, ప్రతి పని పక్కనా దాని తిరస్కరణ వాక్యాన్ని ఉన్నదున్నట్టు పెట్టి జనానికి చూపిస్తాం. ఆ ప్రదర్శనకు మిమ్మల్నీ ఆహ్వానిస్తాం. వచ్చి ప్రతి పని ముందూ నిలబడి, ఇది ఎందుకు కాదో అక్కడికి వచ్చినవారికి చెప్పండి.

ఇట్లు,
ఒక కళాచరిత్ర ఉపాధ్యాయురాలు,
తోటి కళాకారులు, చేతిపనివారు, విద్యార్థులు